రోడ్డవతల నిలబడి చదవాలి

మార్చి 3, సోమవారం

వదిన ఫోన్ చేసింది. కొట్టు దొరికిందట. అద్దె మాట కూడా ఖాయమైపోయింది. ఇక్కడి నుంచి బస్సులో సగం పూట దూరం. ఫొటోలకీ బొమ్మలకీ ఫ్రేములు కట్టే కొట్టు. పేరు ‘నాలుగు మూలలు’. ముప్పయ్యో తారీఖున తెరుస్తుందట.

“బోర్డు మీద అక్షరాలు నువ్వే చెయ్యాలి తూనీగా,” అంది. ఒక్కచోట కుదురుగా కూర్చోనని పెళ్లయి మా ఇంటికి వచ్చిన కొత్తలోనే నాకు ఆ పేరు పెట్టింది. “ఏఐతో చేయించుకుంటావో, చేత్తో గీస్తావో నీ ఇష్టం. నెలంతా టైముంది.”

నెలంతా దేనికి? రెండు రోజుల పని. మా ఫాంట్ల ఏఐకి నాలుగు మాటల్లో ఎలా ఉండాలో చెబితే చాలు, అక్షరాలన్నీ గీసి చేతిలో పెడుతుంది. నచ్చకపోతే ‘మళ్లీ’ అన్న బటన్ నొక్కడమే. సాయంత్రం కూర్చుని ‘చెక్క, అంచు, కుదురు’ అని రాశాను. మొదటిసారి వచ్చినవి మరీ సాదాగా ఉన్నాయి. గీత చివర్లు మాత్రం ఫ్రేము మూల తిరిగినట్టు కొంచెం వంగి ఉన్నాయి, అంతే. నవ్వుకోవడానికి వదినకి ఆ ఫాంట్ ఫైలు పంపాను, “చూడు, వాచకంలో అక్షరాల్లా లేవూ” అని. బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది. అది నవ్వో, మెచ్చుకోలో తెలియలేదు.

పక్కన పడేశాను. వదిన కొట్టుకి వాచకం అక్షరాలా. రేపు మంచివి దొరుకుతాయి.

మార్చి 5, బుధవారం

దొరకలేదు.

సబ్బులు చేసే ఆవిడ వచ్చింది. లావెండర్ సబ్బు పెట్టె మీద పువ్వుల అక్షరాలు కావాలంది. మూడు చూపించాను, రెండోది తీసుకోండన్నాను, తీసుకుంది. ఆవిడ టీ తాగడం పూర్తి కాకముందే పని అయిపోయింది. “మీకు భలే తెలుస్తుందండీ, ఏది బాగుంటుందో,” అని మెచ్చుకుంటూ మెట్లు దిగింది.

ఆవిడ వెళ్లాక ‘నాలుగు మూలలు’ తెరిచాను. తీగలు అల్లుకున్నట్టు రమ్మన్నాను, వచ్చాయి. ‘లు’ రెండుసార్లు వస్తుంది కదా, మొదటి దాని కొమ్ముకి మూడు ఆకులు, రెండో దానికి నాలుగు. సమానం చేయమంటే రెండింటికీ పళ్లు కాయించింది. గాజు మీద నీటి చుక్కల్లా రమ్మన్నాను. అక్షరాలకి జలుబు చేసినట్టుంది. అద్దకం గుడ్డలా అన్నాను, లోహపు జాలీలా అన్నాను, పక్షి మెడలా అన్నాను, వెన్న మీద కత్తి గీతలా అన్నాను.

మధ్యాహ్నం అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. గిన్నె ఖాళీగా ఉంది కాబట్టి తిన్నట్టే.

మార్చి 6, గురువారం

మళ్లీ. మళ్లీ. మళ్లీ. ఇది డైరీ కాదు, ఆ బటన్ మీద ఉన్న మాట.

మార్చి 9, ఆదివారం

అమ్మ ఫోన్. మోకాళ్ల నొప్పి, పక్కింటివాళ్ల కుక్క, ఆ తరువాత అసలు సంగతి.

“ఇంకా ఆ అమ్మాయి పనే చేస్తున్నావా?”

“ఆ అమ్మాయేమిటమ్మా. వదిన.”

“ఇంకెన్నాళ్లు? సంతకాలు అయిపోయాక ఆవిడ నీకేమవుతుందే?”

“ఈ ఫాంట్ల పనిలో పార్ట్‌నర్.”

“ఆ వాటా కూడా వదులుకుని వెళ్తోందిగా. అందుకే అడుగుతున్నా. ఏమవుతుంది?”

చార్జింగ్ అయిపోయిందని చెప్పి పెట్టేశాను. ఫోన్‌లో చార్జింగ్ నిండుగా ఉంది.

అమ్మ మాటల్లో విషం లేదు, అదే చిరాకు. కొడుకు కాపురం నిలవలేదన్న బెంగతో మనుషుల్ని సర్ది పెట్టెలో పెట్టేయాలనుకుంటోంది. అన్నయ్యా వదినా పోట్లాడుకుని కూడా విడిపోవడం లేదు. ఇద్దరూ మంచివాళ్లే, ఒకే గదిలో ఉంటే ఇద్దరికీ ఊపిరాడదు. మొన్నటి చలికాలం నుంచి వేరుగా ఉంటున్నారు. నాకు ఎవరి మీదా కోపం లేదు.

లేదు అని రాసి చూసుకుంటే ఉన్నట్టే ఉంది.

మార్చి 11, మంగళవారం

వదిన వచ్చింది. తన బల్ల దీపం, కత్తెరలు, ఎత్తు స్టూలు తీసుకెళ్లడానికి. ఈ గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు వేసుకుని ఇన్నేళ్లు పని చేశాం. ఒక బల్ల మీద నుంచి దీపం తీస్తే గది మొత్తం ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించింది. అటు చూడకుండా ఉండడానికి కిటికీలన్నీ తుడిచాను.

“ఏవీ, నా అక్షరాలు చూపించు.”

చూపించాను. అన్నీ కాదు, ఏరినవి. ఏరినవే తెరకి పట్టలేదు. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని కిందికి కిందికి జరుపుతూ పోయింది.

“ఇది ఫ్రేముల కొట్టా, సర్కస్ డేరానా?”

“అలంకారంగా ఉండాలి కదా వదినా. పదిమందిలో కనబడాలి.”

“కనబడుతుందిలే. చదవబడుతుందా అని.” తరువాత అలవాటుగా అడిగింది. “రోడ్డు పరీక్ష పెట్టావా?”

“పెట్టకుండా ఉంటానా.”

పెట్టలేదు. ఎవరితో పెట్టను? రోడ్డు పరీక్షకి ఇద్దరు కావాలి. ఒకరు ఈ బాల్కనీలో కాగితం పట్టుకోవాలి, ఇంకొకరు రోడ్డు దాటి బస్‌స్టాప్‌లో నిలబడి ఫోన్‌లో పైకి చదవాలి. కాగితం మీద ఏముందో చదివే మనిషికి ముందే తెలియకూడదు. అది వదిన పెట్టిన నియమం. తెలిసిన మాటని కళ్లు చదవవు, నోరే చెప్పేస్తుంది అంటుంది. అందుకని ఎవరి బోర్డు అయినా సరే, ఆ అక్షరాలతో నోటికొచ్చింది అచ్చు తీసి పట్టుకునేది. ‘కింద లాండ్రీ ఆయన మనకి పిచ్చి అనుకుంటున్నాడు’ అని ఒకసారి. ‘వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తే’ అని ఒకసారి. నేను బస్‌స్టాప్‌లో జనం మధ్య నిలబడి ఉల్లిపాయలు, ఉల్లిపాయలు అని అరిచేదాన్ని. ఉల్లిపాయలు తడబడకుండా చదవగలిగితే ఆ ఫాంట్ గట్టెక్కినట్టు.

వెళ్లేటప్పుడు స్టూలు మెట్ల మీద నేనే మోశాను. “ఇంకా వెతుకుతానులే, తొందరేముంది,” అన్నాను. ఆవిడ నా వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. “నీ ఇష్టం,” అంది.

మార్చి 14, శుక్రవారం

బోర్డుల మేస్త్రి ఫోన్. రేకు కోసి అక్షరాలు చేసే మనిషి, ఎప్పుడూ తొందరే.

“ఫైలు ఎప్పుడమ్మా? ముప్పయ్యికి కావాలన్నారు మీ వదినగారు.”

“వస్తుంది. గుణింతంలో చిన్న దోషం ఉంది, సరిచేస్తున్నాను.”

“మొన్న కూడా అదే చెప్పారు.”

“మొన్నది వేరే దోషం.”

మార్చి 15, శనివారం

ఏఐకి ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చినవి రాయడం మొదలుపెట్టాను. ‘గుమ్మం దగ్గర ఆగిన మనిషి’ అని రాస్తే అక్షరాలన్నీ వెనక్కి వాలి వచ్చాయి. బాగానే ఉన్నాయి. ‘వెళ్లొద్దు’ అని రాశాను. చుట్టూ ముళ్ల కంచె వేసి ఇచ్చింది. ‘వదిన’ అని రాశాను. ప్రతి అక్షరానికీ గాజులు తొడిగింది. వదిన జన్మలో గాజులు వేసుకోదు, కత్తెరకి అడ్డమని. ఈ పిచ్చి ఏఐకి అదెలా తెలుస్తుంది.

దాని తప్పు కాదు. అడిగినదల్లా ఇస్తోంది. ఇంకోటి కావాలంటే ఇంకోటి ఇస్తోంది, విసుక్కోదు, చాలు అనదు. చాలు అనే మనిషి ఎదురుగా ఉండేది.

కూర్చోలేక కుర్చీ మార్చాను. కుర్చీ బాగాలేక బల్ల జరిపాను. బల్ల జరిపితే నేల మీద దాని కాళ్ల పాత గుర్తులు కనబడ్డాయి. మళ్లీ యథాస్థానంలో పెట్టాను.

మార్చి 17, సోమవారం

అన్నయ్య వచ్చాడు. కాఫీ పెట్టమని అడగడు, పెట్టేదాకా కూర్చుంటాడు. తెర వైపు చూశాడు.

“ఏదో అడవిలా ఉంది. ఏంటిది?”

“వదిన బోర్డు.”

“ఓహో,” అన్నాడు. కప్పు రెండు చేతులతో పట్టుకుని, “తను బాగుందా?” అన్నాడు.

“నువ్వే అడగొచ్చుగా.”

“అడుగుతాను. బాగున్నానంటుంది. నేనూ బాగున్నానంటాను. అక్కడితో అయిపోతుంది.” కప్పు కింద పెట్టి చెప్పాడు. “గురువారం సంతకాలు. నువ్వు రానక్కర్లేదు.”

వస్తానని ఎవరన్నారు? అదే మాట పైకి అన్నాను, అవసరమైనదానికన్నా గట్టిగా. అన్నయ్య కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. పాపం, వాడి మీద అరిచి నాకేం ఒరిగింది. తలుపు వేశాక ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ‘గు’ మీది తలకట్టు సవరించాను. ఆకు పెద్దదయింది.

మార్చి 20, గురువారం

అయిపోయింది. బయటికి వచ్చాక ఇద్దరూ కలిసి చెరుకురసం తాగారట. అన్నయ్య చెప్పాడు.

ఆవిడకి ఫోన్ చేద్దామని తీసి, ఏమని పిలవాలో తోచక పెట్టేశాను.

మార్చి 21, శుక్రవారం

దొరికింది.

చివరికి దొరికింది. ఇన్నాళ్లు పట్టిందంటే ఊరికే పట్టిందా. తీగ, జాలీ, పక్షి మెడ అన్నీ కలిసిపోయాయి. ‘నా’ నుంచి ప్రారంభించి చివరి ‘లు’ వరకు ఒకే గీత, ఎక్కడా తెగదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి. అసలైన అందమంటే అదే.

రోడ్డు పరీక్ష కూడా పెట్టాను. పెద్ద కాగితం మీద అచ్చు తీసి, బాల్కనీ కమ్మీలకి నాలుగు పక్కలా టేపు అంటించి, పరుగున మెట్లు దిగి రోడ్డు దాటి బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. గాలికి కొంచెం ఊగుతోంది. అయినా గడగడా చదివేశాను. నాలుగు మూలలు. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. పక్కన నిలబడ్డ పెద్దాయన నా పెదాల వైపు, బాల్కనీ వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన బస్సు వచ్చింది, ఎక్కాడు.

మేస్త్రికి పంపేశాను. పంపాక ఇల్లంతా తిరిగాను. ఇక ఏమీ సవరించడానికి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మార్చి 23, ఆదివారం

బాగానే ఉంది. మళ్లీ తెరిచి చూశాను. బాగానే ఉంది.

మార్చి 26, బుధవారం

ఆవిడ ఫోన్ చేసింది.

“బోర్డు వచ్చింది.”

“హలో, అదే, ఎలా ఉంది?” అన్నాను. సంతకాలయ్యాక మాట్లాడడం ఇదే మొదటిసారి. పిలుపు లేకుండా వాక్యం మొదలుపెట్టడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

“గోడకి ఆనించి పెట్టాం. పక్క కొట్టు టైలర్ వచ్చి, ఈ కిటికీ గ్రిల్ ఎక్కడ చేయించారు, మా ఇంటికి కూడా కావాలి అని అడిగాడు.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“దింపిన వ్యాన్ డ్రైవర్ తలకిందులుగా పెట్టాడు. ఆయన తప్పేం లేదు. నేనూ కాసేపు అలాగే చూశాను.”

“కొత్తగా ఉంది కదా, మొదట్లో అలాగే...”

“తూనీగా, రోడ్డు పరీక్ష ఎవరు చదివారు?”

“నేనే.”

“ఎవరు పట్టుకున్నారు?”

“టేపు.”

“ఏం రాసి?”

ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు. నాలుగు మూలలు అని రాసి, నాలుగు మూలలు అని చదివాను. ఆ కమ్మీలకి ఉతికిన దుప్పటి ఆరేసి ఉన్నా నాలుగు మూలలనే చదివేదాన్ని.

“సర్లే,” అంది ఆవిడ. “తలుపు మీద సుద్దముక్కతో పేరు రాసుకుంటాను. ముప్పయ్యికి తెరవడమైతే తెరుస్తాను.”

మార్చి 27, గురువారం

ఆ చివరి మాట నిన్నటి నుంచి పొడుస్తూనే ఉంది. బోర్డు లేకపోయినా తెరుస్తుంది. మొదటి నుంచీ అంతే. నేను నెలంతా పట్టుకుని ఆపింది ఒక రేకు ముక్కని. కొట్టుని కాదు, ఆవిడని అసలే కాదు.

నాకు ఫాంట్ దొరక్క కాదు. దొరికితే ఇవ్వాల్సి వస్తుందని. ఇచ్చాక ఆవిడకీ నాకూ మధ్య ఇక పని అంటూ ఉండదని, పని కూడా లేకపోతే అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే మిగులుతుందని భయం. సబ్బుల ఆవిడకి టీ తాగేలోపు ఎంచి ఇచ్చినదాన్ని, ఇంట్లో మనిషికి నెల పట్టింది. చివరికి ఉక్రోషం వచ్చి, ఎవరికీ అర్థం కానిది ఏరి మరీ పంపాను. అందం అట. సిగ్గుగా ఉంది.

రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. ఆవిడ తిట్టినా సరే.

మార్చి 28, శుక్రవారం

బస్సులో మూడు సీట్లు మారాను. కిటికీ పక్కన ఎండ, వెనక కుదుపు, ముందు డ్రైవర్ పాటలు.

కొట్టు మెట్ల పక్కన ఒకే ఒక గది, పైన ఇంకో చిన్న గది, దానికి ముందు జానెడు బాల్కనీ. రంపపు పొట్టు, జిగురు వాసన. గోడ నిండా ఖాళీ ఫ్రేములు. వెనక కిటికీకి నా బోర్డు బిగించి ఉంది, నిజంగానే గ్రిల్ లాగా. సరిగ్గా సరిపోయింది. దాని నీడ నేల మీద తీగలు తీగలుగా పడుతోంది.

“గాలి బాగా వస్తోంది,” అంది ఆవిడ. నా చేతికి గుడ్డ ఇచ్చి గాజు పలకలు తుడవమంది. తుడిచాను. తిడితే బాగుండేది.

“నేను కావాలనే ఆలస్యం చేశాను,” అన్నాను గాజు వైపు చూస్తూ.

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“స్టూలు మోస్తున్నప్పుడు. ఒక్కొక్క మెట్టూ రెండుసార్లు దిగావు.” మేకులు ఏరుతూనే అంది. “నేనూ చెప్పలేదుగా, తొందరగా ఇవ్వమని. నాకూ నీ ఫోన్లు బాగానే ఉన్నాయి.”

తరువాత ప్రింటర్ నుంచి రెండు కాగితాలు తీసి, నాకు కనబడకుండా వీపు వెనక పెట్టుకుంది. “నువ్వు మొదటి రోజు పంపినవి నా దగ్గర ఉన్నాయి. వాచకం అక్షరాలు. నడువు, రోడ్డు దాటు.”

“అవి మరీ సాదా...”

“నడువు.”

రోడ్డు దాటాను. మందుల షాపు ముందు నిలబడ్డాను. ఆవిడ పైకెక్కి బాల్కనీలోకి వచ్చి, కాగితం ఛాతీకి ఎత్తి పట్టుకుంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది, ఎప్పటిలాగే. మధ్యలో ఆటోలు, సైకిళ్లు, ఒక నీళ్ల ట్యాంకర్. ట్యాంకర్ కదిలాక చదివాను.

“‘ఆ టైలర్ నిన్నే చూస్తున్నాడు, గ్రిల్ చేసింది నువ్వేనని చెప్పాను.’”

టైలర్ నిజంగానే చూస్తున్నాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఆ అక్షరాలు నిజానికి సాదాగా లేవు. గీత చివర వంపు దూరం నుంచి చూస్తే తెలుస్తుంది, ప్రతి అక్షరమూ తన చుట్టూ ఒక మూల కట్టుకున్నట్టు. మొదటి రోజు నేను దాన్ని ముక్కు ఆనించి చూశాను.

“రెండోది,” అంది ఫోన్‌లో. కాగితం మార్చింది.

పెద్దగా, రెండు వరసలు.

‘సంతకం పెట్టింది మీ అన్నయ్య సంగతిలో.
నీ సంగతిలో కాదు.’

“చదువు,” అంది.

రోడ్డు మీద జనం అటూ ఇటూ పోతున్నారు. మందుల షాపతను ఏం కావాలని అడిగాడు, ఏమీ వద్దని చెయ్యి ఊపాను.

“చదవవే. కనబడటం లేదా?”

“లేదు. మసకగా ఉంది.”

“అక్షరాలు సన్నమయ్యాయా? లావు చెయ్యమంటావా? కాస్త ఏదైనా మార్చి చూద్దామా?”

“వద్దు వదినా,” అన్నాను. “ఏమీ మార్చొద్దు.”